కారులో పాట ఎక్కడ పాడవుతోంది? స్పీకర్లు మార్చే ముందు చూడవలసినవి

“అన్నా, ఇంట్లో ఇయర్‌ఫోన్లలో బ్రహ్మాండంగా ఉన్న పాట కారెక్కేసరికి రేకు డబ్బాలో పడ్డట్టుంది. స్పీకర్లు మార్చేయమంటావా?”

కావలిలో మా వీధిలో కారు కొన్నవారెవరైనా నెల తిరగక ముందే ఈ ప్రశ్న పట్టుకొని వస్తారు. ఒకరికి రేకు డబ్బా, ఒకరికి బావిలోంచి పాడుతున్నట్టు, ఇంకొకరికి పాట వెనకాల కందిరీగ తిరుగుతున్నట్టు. అడిగిన ప్రతివారికీ మొదటినుంచీ చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

స్పీకర్ల జోలికి ఇప్పుడే పోవద్దు. ప్లేయరులో ఉన్న పాట మీ చెవిని చేరేలోపు నాలుగైదు మజిలీలు దాటాలి: పాట ఫైలు, ప్లేయరు, కేబులు లేదా బ్లూటూత్, స్టీరియో (డాష్‌బోర్డులో ఉండే పెట్టె), ఆ తరవాతే స్పీకరు. నేను చూసిన కార్లలో చాలావాటికి జబ్బు మొదటి మూడు మజిలీల్లోనే ఉంది. మనం మాత్రం డబ్బులు తీసుకెళ్లి చివరి మజిలీలో పోస్తాం. పుండు ఒకచోట, మందు ఒకచోట.

ప్లేయరు అంటే పాటల కోసమే కొన్న చిన్న పరికరం కావచ్చు, బీరువాలో మిగిలిన పాత ఐపాడ్ కావచ్చు (ఆపిల్ వాటిని 2022లో ఆపేసింది, ఉన్నవి ఇంకా పాడుతూనే ఉన్నాయి), సిమ్ తీసేసిన పాత ఫోను కావచ్చు. నన్నడిగితే మూడోదే మేలు. పాట మధ్యలో ఎవరూ ఫోను చేయరు.

కావలసినవి

- పూర్తిగా చార్జి చేసిన ప్లేయరు.
- రెండు కొసలా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న ఆక్స్ కేబులు. పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి: రెండు ఉండాలి. మూడు ఉంటే అది మైకు కలిసిన రకం, కొన్ని స్టీరియోలతో పేచీ పెడుతుంది. బంగారు పూత గురించి బెంగ వద్దు. పిన్ను వదులుగా లేకపోతే చాలు.
- ఒక పవర్ బ్యాంకు. ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.
- 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి.
- పక్క సీట్లో కూర్చోవడానికి ఓపిక ఉన్న మనిషి ఒకరు.
- చెట్టు నీడ, ఒక గంట సమయం. మూసిన షెడ్డులో ఇంజిన్ నడుపుతూ ఈ పరీక్షలు చేయవద్దు. ఆ పొగ ప్రాణం తీస్తుంది.
- మూడు పాటలు.

ఈ మూడు పాటలే మీ కొలబద్ద, కాబట్టి ఆలోచించి ఎంచుకోండి. మొదటిది, మీకు ఊపిరితో సహా తెలిసిన గొంతు. నెల్లూరు వాళ్లకు ఇందులో వెతుకులాట ఉండదు, బాలు గారి పాట ఏదైనా చాలు. చరణం మొదట్లో ఆయన ఊపిరి తీసుకోవడం వినబడిందా లేదా అన్నదే పరీక్ష. రెండోది, నలుపు తెలుపు సినిమాల కాలపు పాట. అవి మోనో రికార్డింగులు, అంటే కుడి ఎడమలకు వచ్చేది ఒకటే శబ్దం. దాని ఉపయోగం నాలుగో మెట్టులో. మూడోది, డప్పులతో అదిరిపోయే పాట. నచ్చకపోయినా పెట్టుకోండి, అది స్టీరియోకు పెట్టే పరీక్ష.

1. ముందు పాటను తూకం వేయండి

కంప్యూటర్లో ఫైలు మీద కుడి క్లిక్కు చేసి ఎన్ని ఎంబీలో చూడండి. అయిదు నిమిషాల ఎంపీ3 పాట 320 కేబీపీఎస్‌లో (అంటే సెకనుకు 320 కిలోబిట్లు) ఉంటే 12 ఎంబీ తూగుతుంది. 128లో అయితే 5 ఎంబీకి కాస్త తక్కువ. రెండున్నర ఎంబీయే ఉంటే అది 64 కేబీపీఎస్ సరుకు, ఎవరో వాట్సాప్‌లో పంపగా పంపగా మీ దాకా వచ్చినది. దానికి ఏ స్పీకరూ ఊపిరి పోయలేదు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. చిన్న ఫైలును ఏదో సాఫ్ట్‌వేరుతో 320కి మార్చి ‘క్వాలిటీ పెంచాను’ అనుకుంటారు. నీళ్లు కలిపిన పాలను పెద్ద గిన్నెలో పోసినంత మాత్రాన చిక్కబడవు. అనుమానం ఉంటే, పాటలోని శబ్దాలను బొమ్మగా గీసి చూపే స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఆ పాటను తెరవండి. 320 అని రాసి ఉన్నా, బొమ్మ పైభాగం 16 కిలోహెర్ట్‌జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది 128 నుంచి పెంచినదై ఉండవచ్చు. పాత పాటలకు మాత్రం ఈ లెక్క పెట్టవద్దు, ఆ రికార్డింగుల్లోనే అంత పైకి పెద్దగా ఏమీ ఉండదు.

ఆన్‌లైన్‌లో పాటలు వినేవారు ఆ యాప్ సెట్టింగుల్లో నాణ్యతను ‘హై’కి మార్చి, ఇంట్లో వైఫై మీద దించుకొని బయలుదేరండి. దోర్నాల దాటి శ్రీశైలం అడవిలో ప్రవేశించాక సిగ్నల్ కోసం ఎదురు చూడడం కంటే నెమలి కోసం ఎదురు చూడడం నయం.

2. దారి ఎంచుకోండి

మీ స్టీరియోకు ఎన్ని దారులున్నాయో చూడండి. నా వరస ఇది: యూఎస్‌బీ మొదటిది, ఆక్స్ రెండోది, బ్లూటూత్ మూడోది, ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరు గతిలేని దారి. మంచి బ్లూటూత్‌కు, నాసి ఆక్స్‌కు మధ్య వరస తారుమారు కావచ్చు. ఎఫ్ఎం స్థానం మాత్రం మారదు.

పాత కారులో క్యాసెట్ డెక్ ఒక్కటే ఉందా? క్యాసెట్ ఆకారంలో వైరుతో ఉండే అడాప్టరు ఇంకా దొరుకుతోంది. డెక్ హెడ్డును దూదితో, స్పిరిట్‌తో తుడిచి, డాల్బీ మీట ఉంటే ఆపి వాడండి. చాలాచోట్ల అది ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరు కంటే బాగా పాడుతుంది.

3. అన్నీ సున్నాకు తెండి

స్టీరియోలో బేస్, ట్రెబుల్, మధ్యవి ఏవుంటే అవి సున్నా. లౌడ్‌నెస్ ఆపండి. బాలెన్స్ (కుడి ఎడమలది), ఫేడరు (ముందు వెనకలది) నడిమికి తెండి. ప్లేయరులో ఉన్న ఈక్వలైజరు, బేస్ బూస్ట్, ‘త్రీడీ సరౌండ్’ లాంటి అలంకారాలన్నీ ఆపేయండి. రెండు చోట్లా బేస్ పెంచి పెట్టి ‘శబ్దం పగిలిపోతోంది’ అని వచ్చేవారే ఎక్కువ. ఈ ఒక్క మెట్టుతోనే సమస్య తీరిపోయిన కార్లు నాకు తెలుసు. వాటి యజమానులు కాస్త సిగ్గుపడి వెళ్లిపోయారు.

4. పిన్ను పూర్తిగా దిగిందా?

ఆక్స్ పిన్ను ‘టక్’ మనే దాకా నొక్కండి. ఫోనుకు మందపాటి కవరు ఉంటే తీసేయండి, దానివల్ల పిన్ను ఒక మిల్లీమీటరు బయటే ఉండిపోతుంది.

ఇప్పుడు మొదటి పాట పెట్టండి. వయొలిన్లు, కోరస్, ప్రతిధ్వని అన్నీ వినబడుతూ అసలు గాయకుడి గొంతు మాత్రం దూరంగా, దయ్యం పాడినట్టు ఉందా? వెంటనే రెండో పాట, ఆ పాత మోనో పాట, పెట్టండి. అది దాదాపుగా మాయమైపోతే జబ్బు దొరికినట్టే: పిన్ను అడుగున ఉండే ఎర్తు అంటడం లేదు. ఎర్తు తెగితే కుడి ఎడమల మధ్య ఉన్న తేడా మాత్రమే స్పీకర్లకు చేరుతుంది. గొంతు రెండు పక్కలా సమానంగా ఉంటుంది కనుక చెల్లు అయిపోతుంది, మోనో పాట మొత్తం చెల్లు. మూడు గీతల పిన్ను రెండు గీతల జాక్‌లో సరిగా కూర్చోకపోయినా ఇదే వస్తుంది. కేబులు మార్చి చూడండి. ఈ లక్షణం చూసి స్పీకర్లు పోయాయనుకున్నవారిని ఇద్దరిని చూశాను.

ఒక పక్కే వినబడుతుంటే పిన్నును వేళ్లతో మెల్లగా తిప్పండి. శబ్దం వచ్చి పోతుంటే జాక్‌లో దుమ్మో తుప్పో ఉంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ల ఉప్పు గాలికి పిన్నులు నల్లబడతాయి. చీమకుర్తి వైపు గ్రానైటు దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. స్టీరియో ఆపి, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే కాంటాక్ట్ క్లీనరును పిన్ను మీద కొద్దిగా చల్లి, నాలుగైదు సార్లు జాక్‌లో పెట్టి తీసి, ఆరనివ్వండి. గుండుసూదితో గీకవద్దు. కొబ్బరినూనె అసలే వద్దు. నవ్వకండి, వేసినవారున్నారు.

జాక్ లేని కొత్త ఫోన్లకు టైప్-సి అడాప్టరు కావాలి. లోపల చిప్పు ఉన్నవి, లేనివి అని అందులో రెండు రకాలు. చిప్పు లేనివి కొన్ని ఫోన్లతో పనిచేయవు. అందుకని కొనేటప్పుడు ‘డాక్ ఉన్నది’ అని అడిగి, మీ ఫోనుకు అక్కడే తగిలించి విని, అప్పుడు డబ్బివ్వండి.

5. రెండు వాల్యూములకు పొత్తు కుదర్చండి

మొత్తం ఆట ఇక్కడే ఉంది. ఆక్స్‌లో వాల్యూములు రెండు, ప్లేయరుది ఒకటి, స్టీరియోది ఒకటి. ఒకటి మరీ తగ్గి ఇంకొకటి మరీ పెరిగితే పాట చెడుతుంది.

క. ముందు ఎఫ్ఎం రేడియో పెట్టి, మీకు హాయిగా ఉన్నంత వాల్యూము పెట్టుకోండి. ఇక స్టీరియో నాబ్ ముట్టుకోవద్దు.

ఖ. ఆక్స్‌కు మారండి. మూడో పాట, ఆ డప్పుల పాట, పెట్టి ప్లేయరు వాల్యూమును సున్నా నుంచి పైకి తెండి. రేడియో ఎంత గట్టిగా వినబడిందో అంతకు వచ్చాక ఆగండి. చాలా ప్లేయర్లలో అది 75 నుంచి 85 శాతం మధ్య ఉంటుంది.

గ. ఆ స్థానాన్ని గుర్తు పెట్టుకోండి. ఇక మీదట పెంచినా తగ్గించినా స్టీరియో నాబ్‌తోనే. ప్లేయరు వాల్యూము అక్కడే ఉండాలి.

ఎక్కువమంది దీనికి తలకిందులుగా చేస్తారు. ప్లేయరును 40 శాతం దగ్గర ఉంచి స్టీరియోను తుదికంటా తిప్పుతారు. అప్పుడు పాటతోపాటు వెనక ఉన్న ‘సుయ్’మనే శబ్దం కూడా పెరుగుతుంది. పైగా పొరపాటున రేడియోకు మారితే వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లవాడు ఉలిక్కిపడి లేస్తాడు. ఈ తప్పు నేనూ చేశాను, మా ఇంట్లో ఆ సంగతి ఇప్పటికీ అనుకుంటారు.

సరిగా కుదిరిందా లేదా ఇలా తేల్చుకోండి. స్టీరియో వాల్యూమును బాగా తగ్గించి డప్పుల పాట వినండి. అంత మెల్లగా ఉన్నా దెబ్బ పడినప్పుడల్లా గరగర వస్తుంటే, పాట స్టీరియోలో ప్రవేశించే ముందే పగులుతోంది. ప్లేయరు వాల్యూము పది శాతం తగ్గించండి. తక్కువలో శుభ్రంగా ఉండి, స్టీరియో బాగా పెంచినప్పుడే గరగర వస్తుంటే పగిలేది స్టీరియో ఆంప్లిఫయరు లేదా స్పీకరు. ఏది ఎక్కడ పగులుతోందో చెప్పడానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు, దీనికి పైసా ఖర్చు లేదు.

ప్లేయరు నూరు శాతానికి వెళ్లినా శబ్దం చాలకపోతే దాని సెట్టింగుల్లో వాల్యూము పరిమితి ఉందేమో చూడండి. చెవుల రక్షణకని కొన్నింటిలో అది ముందే పెట్టి ఉంటుంది. స్టీరియో మెనూలో ‘ఆక్స్ లెవెల్’ ఉంటే ఒక మెట్టు పెంచవచ్చు. ఖరీదైన ప్లేయర్లలో ‘లైన్ అవుట్’ అని వేరే మార్గం ఉంటుంది. కారుకు అదే తగినది, దానికి ప్లేయరు వాల్యూముతో పని లేదు.

6. పాట వెనక మోత

యాక్సిలరేటరు తొక్కితే పాట వెనక ‘కుయ్’మనే శబ్దం కూడా సన్నగా పైకి లేస్తోందా? దీనికి మెకానిక్కు దగ్గరికి వెళ్లి ఇంజిన్ విప్పించిన మనిషి ఉన్నాడు. ఇంజిన్ పాపం ఏమీ లేదు. వరసగా ఇలా చూడండి.

ఇంజిన్ ఆపి, తాళం ఒక మెట్టు తిప్పి, పాటను నిలిపి వాల్యూము పెంచండి. మోత లేదా? ఇంజిన్ వేయండి. మోత వచ్చిందా? ఇప్పుడు ప్లేయరు నుంచి చార్జరు తీసేయండి. టక్కున ఆగిపోయిందా? అయితే దోషం చార్జరుకు, ఆక్స్ కేబులుకు కలిసి ఉంది. రెండూ కారు ఎర్తును వేరువేరు దారుల్లో పట్టుకోవడంతో ఒక చుట్టు ఏర్పడి, ఆల్టర్నేటరు కరెంటు సందడి అందులోంచి పాటలోకి దూరుతోంది. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు.

మందులు, చవక నుంచి ఖరీదుకు:

- చార్జరు తీసేసి వినడం. ప్లేయరుకు చార్జి ఉంటే ఇంతే చాలు.
- ప్లేయరును పవర్ బ్యాంకు నుంచి చార్జి చేయడం. పవర్ బ్యాంకుకు కారుతో సంబంధం లేదు కనుక చుట్టు తెగుతుంది. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా నేను చేసేది ఇదే.
- చార్జరు మార్చి చూడడం. నాసి చార్జర్లు సొంతంగా కూడా కీచుమంటాయి.
- ‘గ్రౌండ్ లూప్ ఐసొలేటరు’ అనే చిన్న డబ్బా. ఆక్స్ కేబులుకు, స్టీరియోకు మధ్య తగిలిస్తే మోత పోతుంది. కానీ మరీ చవక వాటిలో మోతతోపాటు మృదంగం అడుగు కూడా పోతుంది. తగిలించే ముందు, తగిలించాక డప్పుల పాట విని పోల్చండి.

చార్జరు తీసేసినా మోత అలాగే ఉంటే అది స్టీరియో వైరింగుది. కారు ఎలక్ట్రీషియనుకు ‘ప్లేయరు బ్యాటరీ మీద ఉన్నా మోత వస్తోంది’ అని ఈ మాటే చెప్పండి, ఆయనకు సగం పని తప్పుతుంది. ఎవరో చెప్పారని చార్జరు నల్ల వైరు కత్తిరించవద్దు.

అప్పుడప్పుడు ‘టిక్‌టిక్ టిర్ర్’ అని మాత్రం వస్తుంటే, కేబులు దగ్గర ఉన్న పాత 2జీ ఫోను చూడండి. దాన్ని జానెడు దూరం జరిపితే సరి.

7. బ్లూటూత్ వాడేవారికి

పాట టెలిఫోనులో వినిపించినట్టు ఉంటే ఫోను బ్లూటూత్ సెట్టింగుల్లో కారు పేరు నొక్కి ‘మీడియా ఆడియో’ వేసి ఉందో లేదో చూడండి. ‘కాల్స్’ ఒక్కటే వేసి ఉంటే పాట ఆ ఇరుకు సందులోంచి రావచ్చు, లేదా కారులో అసలు వినబడకపోవచ్చు.

ఇక్కడా వాల్యూములు రెండే. ఫోనును 85 నుంచి 100 శాతం మధ్య ఉంచి మిగతాది స్టీరియోతో చూసుకోండి. కొన్ని జతల్లో ఒకటి మారిస్తే రెండోదీ దానంతటదే మారుతుంది, అప్పుడు ఈ తంటా లేదు. బ్లూటూత్ పాటను మళ్లీ కుదించి పంపుతుంది. అన్ని పరికరాలకూ వచ్చిన ఎస్‌బీసీ పద్ధతిలో మామూలుగా 328 కేబీపీఎస్ దాకానే. స్టీరియోకు ఏఏసీ, ఎల్‌డాక్ లాంటివి వచ్చి, మీ ఫోనులోనూ ఉంటే వాటిని ఎంచుకోవచ్చు. ఎనభై కిలోమీటర్ల వేగంలో ఆ తేడా నాకైతే వినబడలేదు. 64 కేబీపీఎస్ ఫైలుకు, 320 ఫైలుకు ఉన్న తేడా మాత్రం బ్లూటూత్‌లోనూ స్పష్టంగా వినబడుతుంది.

8. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరే దిక్కయితే

సిగరెట్ లైటరు సాకెట్‌లో పెట్టే ఈ పరికరం మీ కారులోనే ఒక బుల్లి రేడియో స్టేషను నడుపుతుంది. ఎఫ్ఎం ప్రసారమే 15 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఆగిపోతుంది కనుక తాళం మోగిన మెరుపు కొంత పోతుంది. అది పోనివ్వండి. గరగర లేకుండా చూసుకోవడం వరకే మన చేతిలో ఉంది.

మన ఎఫ్ఎం పట్టీ 87.5 నుంచి 108 వరకు. ట్రాన్స్‌మిటరు ఆపి, రేడియోను ఒక్కో 0.1 జరుపుతూ అటూ ఇటూ కూడా ఏ స్టేషనూ లేని ఖాళీ వెతకండి. ఉత్త ‘స్స్స్’ శబ్దం ఒకే తీరుగా రావాలి. రెండు మూడు ఖాళీలు రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఊరు మారితే ఖాళీ మారుతుంది. నెల్లూరు నుంచి జాతీయ రహదారి 16 మీద దక్షిణంగా వెళ్తుంటే సూళ్లూరుపేట, తడ వైపు చెన్నై స్టేషన్లు 91.1, 93.5, 98.3, 106.4 లాంటి చోట్ల జొరబడతాయి. నెల్లూరులో కోయిలలా పాడిన ట్రాన్స్‌మిటరు అక్కడ తమిళం మాట్లాడుతుంది. అదే మార్కాపురం దాటి నల్లమలలోకి వెళ్లండి, పట్టీలో ఎటు చూసినా ఖాళీయే.

ఫోను వాల్యూము 70, 80 శాతం దాటనివ్వవద్దు, ట్రాన్స్‌మిటరు పొంగి పక్కకు చిమ్ముతుంది. వెంకటాచలం టోల్‌గేటు వరసలో నిలబడినప్పుడు పక్క కారు వాళ్ల పాట మీ రేడియోలో వినబడితే ఆశ్చర్యపోవద్దు, వాళ్లదీ మీ ఖాళీయే. మీ పాట కూడా వాళ్లకు వినబడుతూ ఉండవచ్చు.

9. పెన్‌డ్రైవ్ దారి

ఇది అన్నిటికంటే నిశ్చింత. మోత లేదు, రెండు వాల్యూములు లేవు, చార్జి లేదు. 12 ఎంబీ పాటలు 32 జీబీలో రెండున్నర వేలకు పైగా పడతాయి. పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్లో ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి. చాలా పాత స్టీరియోలు ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తించవు. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయని మరవద్దు.

పాటలు వరస తప్పి వస్తున్నాయని ఫిర్యాదు చేస్తారు. చాలా స్టీరియోలు అక్షర క్రమంలో కాక, కాపీ చేసిన క్రమంలో పాడతాయి. ఫైళ్ల పేర్ల ముందు 01, 02 అని అంకెలు పెట్టి, ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి అదే వరసలో కాపీ చేయండి. ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత తగ్గకుండా కుదించిన పెద్ద ఫైళ్లు) పెట్టే ముందు ఒక్కటి పెట్టి చూడండి, స్టీరియో నోరు మెదపకపోతే 320 ఎంపీ3 పెట్టుకోండి. కొన్ని కార్లలో రెండో యూఎస్‌బీ రంధ్రం చార్జింగుకు మాత్రమే. అందులో పెట్టి ‘చదవడం లేదు’ అని పెన్‌డ్రైవ్‌ను తిట్టవద్దు.

పాత పాట మెల్లగా, కొత్త పాట చెవులు పగిలేలా వస్తుంటే ఎంపీ3గెయిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో అన్నిటినీ 89 డెసిబెల్ దగ్గరికి తెచ్చుకోవచ్చు. ముందు ఒక నకలు దాచుకొని చేయండి.

10. ఇప్పుడు తలుపులు, వైర్లు

డప్పుల పాట పెట్టి పక్క మనిషిని ఒక్కో తలుపు అట్టను అరచేత్తో నొక్కమనండి. నొక్కగానే గలగల ఆగితే స్పీకరుకు జబ్బు లేదు, అట్ట క్లిప్పు ఊడింది. తలుపు అరలో చిల్లర నాణేలు, నీళ్ల సీసా, డాష్‌బోర్డు మీద అతికించిన వినాయకుడు, వెనక నంబరు ప్లేటు, వీటన్నిటినీ చూశాకే స్పీకరును అనుమానించండి.

తరవాతది నా సొంత గోడు. నాలుగేళ్ల కిందట ఒక దుకాణంలో ముందు తలుపుల స్పీకర్లు మార్పించాను. డబ్బు పెట్టాను కనుక బాగుందని నన్ను నేను నమ్మించుకున్నాను. ఎనిమిది నెలల తరవాత మా బావమరిది డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి బాలెన్స్ పూర్తిగా ఎడమకు తిప్పి, “బావా, ఒక స్పీకరు ఆపితే మృదంగం పెరగడం ఏమిటి?” అన్నాడు. కుడి తలుపులో ప్లస్, మైనస్ వైర్లు తారుమారు చేసి తగిలించారు. ఒక స్పీకరు ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, అడుగు శబ్దం మధ్యలో చచ్చిపోతోంది. విప్పి తిరగేసి తగిలించడానికి పావుగంట పట్టింది.

మీరూ చూసుకోండి. ఫేడరు ముందుకు జరిపి, బాలెన్స్ నడుమ ఉంచి డప్పుల పాట పెట్టండి. బాలెన్స్‌ను మెల్లగా ఒక పక్కకు జరపండి. శబ్దం కాస్త తగ్గడం మామూలు. తగ్గకపోగా దెబ్బ బరువెక్కితే వైర్లు తారుమారు. బాలు గారి పాటలోనూ తెలుస్తుంది: సరిగా ఉంటే గొంతు డాష్‌బోర్డు మీద ఒకచోట నిలబడుతుంది, తారుమారైతే ఎక్కడినుంచి వస్తోందో చెప్పలేరు.

ఇవన్నీ అయ్యాకే ఈక్వలైజరు. పెంచడం కంటే తగ్గించడం మంచి పద్ధతి. తలుపు గుబగుబలాడుతుంటే బేస్ రెండు మెట్లు తగ్గించండి. ‘స’, ‘శ’ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటే ట్రెబుల్ ఒక మెట్టు తగ్గించండి. స్టీరియోలో ‘హైపాస్’ (అడుగు శబ్దాన్ని ఆపేసేది) అని ఉంటే తలుపు స్పీకర్లకు 80 హెర్ట్‌జ్ పెట్టి చూడండి. మోయలేని బరువు దించేసరికి గొంతు తేటపడుతుంది.

11. రోడ్డు మీద పరీక్ష

నీడలో బాగున్నది రోడ్డు మీద బాగుండాలని లేదు. మూడు పాటలూ ఒకసారి ఇంజిన్ ఆపి, ఒకసారి బండి నిలిపి ఇంజిన్ వేసి, ఒకసారి పక్క మనిషి నడుపుతుండగా 80 కిలోమీటర్ల వేగంలో వినండి. మూడోసారి మీకు మొదట వినబడకుండా పోయేది బేస్. టైర్ల మోత దాన్ని మింగేస్తుంది. రోడ్డు కోసం ఒక మెట్టు బేస్ పెంచుకోవడం తప్పు కాదు, దాన్ని వేరే ప్రీసెట్‌గా దాచుకోండి. ఏసీ ఫ్యాను నాలుగులో ఉంటే రెండుకు తగ్గించి చూడండి. ఖరీదైన స్పీకర్లు ఇవ్వలేని నిశ్శబ్దం అక్కడ ఉంటుంది. కచేరీ పాటలో వీణ సన్నగా మీటే చోటు కారులో వినబడదు. అందుకు వాల్యూము పెంచితే, ఆ వెంటనే తనియావర్తనం (మృదంగం లాంటి వాద్యాలే మోగే ఘట్టం) మీద పడుతుంది. అలాంటివి ఇంటికి దాచుకోండి.

పాటలు మార్చడం, వాల్యూము సరిచూడడం బండి కదలక ముందే అయిపోవాలి. నడుపుతూ ఫోను చేత పట్టుకోవడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగే. 2019 సవరణలో చేర్చారు.

ఇక రోహిణి కార్తె. నెల్లూరు ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు డాష్‌బోర్డు మీద ప్లేయరును, పవర్ బ్యాంకును వదిలేయవద్దు. 45 డిగ్రీలు దాటిన చోట ఉంచవద్దని ఆపిల్ లాంటి తయారీదారులే చెబుతారు. మూసిన కారు దాన్ని సునాయాసంగా దాటుతుంది. బ్యాటరీ ఉబ్బినట్టు కనబడితే ఇక చార్జి పెట్టవద్దు. పెన్‌డ్రైవ్‌కు బ్యాటరీ బెడద లేదు, ఎండాకాలానికి అదే సరి.

పదకొండు మెట్లూ ఎక్కాక కూడా ఒక స్పీకరు తక్కువ వాల్యూములోనే గరగరలాడుతుంటే, బాలెన్స్, ఫేడరు తిప్పి అది ఏ స్పీకరో పట్టుకోండి. జాలీ తీయించి కాగితపు శంకువు అంచు చిరిగిందేమో చూడండి. చిరిగితే మార్చాల్సిందే. దుకాణానికి వెళ్లేటప్పుడు మీ ప్లేయరు, మీ మూడు పాటలు తీసుకెళ్లండి. వాళ్లు వినిపించే పాట ఏ స్పీకరులోనైనా బాగుంటుంది, అందుకే అది పెడతారు. బిగించడం అయ్యాక ముందు సీట్లో కూర్చొని, డప్పుల పాట పెట్టి, బాలెన్స్ ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి తిప్పండి. దెబ్బ బరువెక్కలేదని రూఢి చేసుకున్నాకే పర్సు తీయండి.